ఆ టూ సెవెంటీకి నచ్చిన తూటా

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను ముందు వీసా గురించి అడుగుతారు, తర్వాత గది గురించి. ఆ రెండూ ఆఫీసులో చెప్తారు. ఆఫీసులో ఎవరూ చెప్పని సంగతి నేను రాస్తున్నాను. వంద మీటర్ల అవతల ఉన్న కాగితం మీద ఐదు తూటాలు కాల్చి దుర్భిణిలో చూస్తారు. అక్కడ ఐదు కన్నాలు ఉండవు. చొక్కా గుండీ అంత ఒక్క కన్నం ఉంటుంది, అంచులు కాస్త గతుకులుగా. అప్పుడు గుండె కొట్టుకునే తీరు వేరే ఏ పనిలోనూ నాకు తగల్లేదు. అరవై ఏళ్ళ వయసులో, మోకాళ్ళ నొప్పి మర్చిపోయి, ఆ కాగితం చేత్తో పట్టుకోవడానికి నేను వంద మీటర్లు పరుగెత్తాను. ఆ పరుగు కథే ఇది.

నా పేరు మహబూబ్ బాషా. మాది కడప జిల్లా, ప్రొద్దుటూరు దగ్గర. గల్ఫుకు వచ్చి ముసఫ్ఫాలో లేతు మిషను మీద పదిహేనేళ్ళు పనిచేశాను. తర్వాత ఎడారి అంచున ఉన్న ఒక షూటింగ్ క్లబ్బు ఆయుధశాలలో పన్నెండేళ్ళు. కాపురం మాత్రం అజ్మాన్‌లో, కంపెనీ బస్సులో రోజూ రానూ పోనూ.

ఆ దేశంలో వేట నిషేధం. వేట మీద మనసున్నవాళ్ళు అనుమతి కాగితాలు తీసుకొని ఆఫ్రికాకో మధ్య ఆసియా కొండలకో పోతారు. పోయేముందు తుపాకీ మా దగ్గరికి వస్తుంది. దాన్ని బాగుచేయడం, దానికి సరిపడే తూటాలు తయారుచేయడం మా పని. క్లబ్బుకు లైసెన్సు ఉంది కాబట్టి చేస్తాం. లైసెన్సు లేని చోట ఈ పని ముట్టుకోవద్దు. ఇది మొదటి మాట, చివరి మాట కూడా.

తూటా అంటే నాలుగు వస్తువులు. ఇత్తడి డొప్ప, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమరు, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. అంగట్లో కొన్న తూటా అన్ని తుపాకులకూ పనికొచ్చేలా చేసింది. మేం చేసేది ఒక్క తుపాకీ కోసం. ఒకే కార్ఖానాలో ఒకేరోజు తయారైన రెండు తుపాకులు కూడా ఒకే తూటాను ఇష్టపడవు. ఎందుకని అడిగితే పెద్ద పెద్దవాళ్ళు కూడా సగమే చెప్పగలరు. మిగతా సగం కాల్చి తెలుసుకోవాల్సిందే.

పీటర్ చింపిన కాగితం

మా ముదీర్, అంటే మేనేజరు, పేరు పీటర్. దక్షిణాఫ్రికా మనిషి. పొడుగు, మాట తక్కువ. నేను చేరిన కొత్తలో ఒక సభ్యుడి తుపాకీకి తూటాలు కడుతున్నాను. గ్రూపు సరిగా రావట్లేదు. గ్రూపు అంటే ఒకేచోటికి గురిపెట్టి కాల్చిన ఐదు గుండ్లు కాగితం మీద ఎంత దగ్గరగా పడ్డాయనేది. నాకు ఓపిక చాలక గుండు మార్చాను, మందూ మార్చాను. ఐదూ ఒక్క రూపాయి బిళ్ళ కింద దాక్కునేలా పడ్డాయి. కాగితం ఎత్తిపట్టుకొని పీటర్ గదికి పోయాను.

"ఏం మార్చినావ్?" అన్నాడు.

"రెండూ మార్చినా."

"దేనివల్ల బాగుపడింది?"

నేను గుండు అనబోయి, మందు అనబోయి ఆగిపోయాను. ఆయన ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు.

"ఖలాస్. ఇది నీ పని కాదు, నీ అదృష్టం. మళ్ళీ మొదలుపెట్టు. ఒకసారికి ఒకటే మార్చు."

ఆ రోజు ఆయన్ని తిట్టుకున్నాను. అది కక్ష అనుకున్నాను. తర్వాత పదేళ్ళలో ఎన్నిసార్లు ఆ మాట నన్ను కాపాడిందో లెక్కలేదు. నాకు దొరికిన పై అధికారుల్లో ఆయనే గట్టివాడు. ఆయనలో ఒక్క లోపం ఉండేది, పొగడ్త ఆయన నోట రాదు. బాగుందనడానికి బదులు "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" కోసం మేం పడి చచ్చేవాళ్ళం.

అన్న తుపాకీ

కరోనా మొదటి ఏడాది క్లబ్బు మూతపడి మళ్ళీ తెరిచాక, తర్వాతి ఏడాది ఎండలు మొదలవుతున్న రోజుల్లో, కల్బా అనే ఊరి నుంచి అబూ రాషిద్ వచ్చాడు. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి. మడమల దాకా తెల్లటి కందూరా, చేతిలో కర్ర. ఇంకో చేతిలో ఉన్న పాత తోలు సంచీలో రైఫిలు. వాళ్ళ కాలం అరబ్బులకు ఉర్దూ బాగా వచ్చు. నాతో ఉర్దూలోనే మాట్లాడేవాడు.

"ఇది మా అన్న సుల్తాన్‌ది," అన్నాడు సంచీ విప్పుతూ. "ఇద్దరం కలిసి కిర్గిజ్ కొండలకు పోవాలని ముప్పై ఏళ్ళు అనుకున్నాం. ప్రతి ఏడాదీ ఏదో ఒక అడ్డం. పోయినేడు కరోనాలో అన్న పోయినాడు. నా మోకాళ్ళు చూసిన డాక్టర్ ఈ ఏడాది పోతే పోండి, తర్వాత కొండ ఎక్కలేరు అన్నాడు. నేను అన్న తుపాకీతోనే పోతా."

కొమ్ములు వెనక్కి వంపు తిరిగిన కొండమేక కోసం ఆ ప్రయాణం. చలికాలం ముందు పోవాలి. చేతిలో ఆరునెలలు ఉంది.

రైఫిలు టూ సెవెంటీ, తూటా సైజును బట్టి ఆ పేరు, పాతకాలపుది. కట్టె మీద నూనె నిగనిగ, బ్యారెల్ లోపల అద్దంలా ఉంది. అంత ముద్దొచ్చే తుపాకీని నేను ఎప్పుడూ ముట్టుకోలేదు. ఈ సరుకు చేతిలో పడితే వారంలో పని ముగుస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ రోజుల్లో లోకమంతా తూటాల కరువు. అంగట్లో దొరికినవి మూడు రకాలు. మూడూ కాల్చాం. గ్రూపు టీ సాసర్ అంత వచ్చింది. అబూ రాషిద్ స్నేహితులెవరో చెప్పారని కొత్తరకం పొడుగాటి గుండ్లు తెప్పించుకున్నాడు. ఇవి దూరానికి సూదిలా పోతాయంట. కట్టి కాల్చాను. కాగితం మీద గుండ్రటి కన్నాలు పడలేదు, తాళంచెవి పట్టే రంధ్రాల్లాగా పొడుగ్గా పడ్డాయి. అంటే గుండు గాలిలో పల్టీలు కొట్టి పక్కకు తిరిగి తగులుతోంది. బ్యారెల్ లోపలి మెలిక గుండును తిప్పి వదులుతుంది. పాత తుపాకీలో ఆ మెలిక నిదానం, పొడుగు గుండును నిలబెట్టేంత వేగంగా తిప్పలేదు.

"మీ స్నేహితులవి కొత్త తుపాకులు," అని చెప్పాను. "దీనికి పొట్టి గుండే పడుతుంది."

ఆయన కాగితంలోని ఆ వంకర కన్నాల్లో వేలు పెట్టి నవ్వాడు. "మా అన్న కూడా అంతే. కొత్తదేదీ మింగుడుపడేది కాదు."

అరవై తూటాల సిగ్గు

పొట్టి గుండ్లకు మారాను. ఇక అసలు పని మొదలైంది. మందు రవ్వంత పెంచి ఐదు, ఇంకో రవ్వంత పెంచి ఐదు. గుండు మూతిలో కాస్త లోతుకు దింపి ఐదు, పైకి ఉంచి ఐదు. ప్రతి ఐదుకూ ఒక కాగితం. గోడంతా కాగితాలే. ఒక రోజు గ్రూపు చిన్నదయ్యేది, మర్నాడు అదే తూటా మళ్ళీ సాసర్ అంత. పిచ్చెక్కినట్టయింది. బస్సులో కూర్చున్నా తలలో కన్నాలే కనిపించేవి.

అరవయ్యో తూటా తర్వాత పీటర్ వచ్చి గోడ చూశాడు. రైఫిలు తీసుకొని, దాని కడుపు కింద ఇనుమునూ కట్టెనూ కలిపే స్క్రూ మీద స్క్రూడ్రైవర్ పెట్టాడు. అరచుట్టు తిరిగింది. అది వదులు. దెబ్బ దెబ్బకూ ఇనుము కట్టెలో కదులుతోంది.

నేను లేతు మిషను మీద పదిహేనేళ్ళు బిగింపు గురించి పిల్లకాయలకు పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ తుపాకీ అందం చూసి మురిసిపోయి స్క్రూ చూడలేదు. సరుకు కరువులో అరవై తూటాలు గాలికి పోయాయి. అందుకే చెప్తున్నా, ఎంత మంచి తుపాకీ వచ్చినా ముందు స్క్రూలు చూడండి, గురి చూసే స్కోపు బిగింపు చూడండి. మందు జోలికి ఆ తర్వాతే పోండి.

స్క్రూ బిగించాక ఆ రైఫిలు మనిషి మారినట్టు మారింది. గ్రూపు సాసర్ నుంచి ఒక్కసారిగా ఖర్జూరం అంతకు వచ్చింది. నేను ఆరోజు మధ్యాహ్నం అన్నం తినలేదు. తినాలనిపించలేదు.

పక్కకు పోయే ఒక్కటి

కానీ ఒక చిక్కు మిగిలింది. ఐదులో నాలుగు గుండ్లు ఒకదాన్నొకటి తాకుతూ పడేవి. ఒకటి మాత్రం రెండు వేళ్ళ దూరం పక్కకు. ప్రతిసారీ ఒకటి. ఒకసారి రెండోది, ఒకసారి నాలుగోది. వంద మీటర్ల దగ్గర రెండు వేళ్ళంటే కొండల్లో మూడు వందల మీటర్ల దగ్గర ఆరు వేళ్ళు. అంటే జంతువు గుండెకు బదులు కడుపులో తగులుతుంది. అది గాయంతో లోయలోకి పారిపోయి రెండు రోజులకు గానీ చావదు. ఏ వేటగాడైనా దానికి భయపడతాడు, భయపడకపోతే వాడు వేటగాడు కాదు.

అప్పట్లో నాకు భుజం నొప్పి. కాల్చేది అబూ రాషిదే. ఆయన కుడిచేతిలో సన్నటి వణుకు ఉంది, టీ కప్పు పట్టుకున్నప్పుడు కనిపించేది. ఆ వణుకునూ పక్కకు పోయే గుండునూ నేను కలిపేసుకున్నాను.

"తూటాలో దోషం లేదు బాబా," అని చెప్పేశాను. "మీ చెయ్యి అదురుతుంది. ట్రిగ్గర్ దగ్గర అదే గుంజుతుంది."

ఆయన మొహం మాడిపోయింది. రైఫిలు తుడిచి సంచీతో సహా క్లబ్బు లాకర్లో పెట్టి, "అయితే ముసలోణ్ణి మార్చే స్క్రూ మీ దగ్గర లేదన్నమాట," అన్నాడు. ఆ తర్వాత పది రోజులు రాలేదు.

అప్పుడు కదిలింది మేరీ. నరసాపురం దగ్గర పల్లెటూరామె, నలభై ఏళ్ళుంటాయి. ఇళ్ళల్లో పనికని గల్ఫుకు వచ్చి, తర్వాత క్లీనింగ్ కంపెనీ ద్వారా మా క్లబ్బుకు చేరింది. అల్లికల కుటుంబం వాళ్ళది. ఎనిమిదేళ్ళ వయసునుంచి కొక్కెంతో లేసు అల్లిందట. మా దగ్గర నేల తుడిచేది, కాల్చేసిన ఇత్తడి డొప్పలు కడిగేది. నేను డొప్పలను మళ్ళీ కొలతకు నొక్కి ఇస్తే, దూది చుట్టిన పుల్ల మూతిలో పెట్టి నూనె తుడిచి ఇచ్చేది. ఆమెకు అంతవరకే అనుమతి.

ఒక పొద్దున మూడు ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"బాషా గారండీ, ఇయ్యన్నీ ఒకటి కాదండి."

"ఒకటే మేరీ. ఒకటే కంపెనీ, ఒకటే సైజు."

"పైకి అంతేనండి. మూతిలో పుల్ల పెడితే కొన్ని పట్టేసుకుంటన్నాయి, కొన్ని జారిపోతన్నాయి, కొన్ని మజ్జస్తం. నేను వేరే వేరే ఏరానండి. పనికొత్తదేమోనని."

నేను నవ్వాను. రాయడానికి సిగ్గుగానే ఉంది కానీ నవ్వాను. "నీ చేతికి తెలిసేది నా గేజికి తెలియదా?"

"ఏమోనండి. లేసులో దారం బిగువు తేడా వస్తే కళ్ళకి కనబడదు. ఏలికి తెలిసిపోద్దండి. పువ్వు వంకరొచ్చాక గానీ కళ్ళకి కనబడదు." డబ్బాలు అక్కడే పెట్టి బకెట్ తీసుకొని వెళ్ళిపోయింది.

ఆ "పువ్వు వంకరొచ్చాక" అనే మాట నన్ను కూర్చోనివ్వలేదు. భుజానికి పట్టీ కట్టుకొని, వేరే తుపాకీ కాదు, అబూ రాషిద్ లాకర్లో వదిలిపోయిన ఆ రైఫిలునే ఇసుక మూటల మీద కదలకుండా ఆనించి, ఏరని డొప్పల తూటాలు ఐదు నేనే కాల్చాను. మూడోది పక్కకు పోయింది. ముసలాయన చెయ్యి అక్కడ లేదు, వణుకు లేదు. అయినా గుండు పక్కకు పోయింది. పెద్దాయన్ను ఊరికే అవమానించానని ఆ క్షణాన అర్థమైంది. ముందే నేను ఒకసారి కాల్చి చూసి ఉంటే సరిపోయేది.

తర్వాత మేరీ 'పట్టేసుకుంటున్నాయి' అన్న డబ్బాలోంచి ఐదు డొప్పలు తీసి, అదే మందు, అదే గుండు, అదే లోతుతో కట్టాను. ఒక్క డబ్బా మాత్రమే మార్చాను. కాల్చాను. దుర్భిణిలో చూశాను. మొదట కాగితం మీద ఒక్కటే తగిలింది, మిగతావి తప్పిపోయాయి అనుకున్నాను. మళ్ళీ చూశాను. ఆ ఒక్క కన్నానికి నాలుగు భుజాలు ఉన్నాయి, ఐదూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తుపాకీ ఖాళీ చేసి, కాల్పులు ఆపమనే ఎర్ర లైటు వేసి, పరుగెత్తాను. కాగితం చేతిలోకి తీసుకొని ఆ కన్నంలో వేలు పెట్టి చూశాను.

కారణం తర్వాత తెలిసింది. కరువు వల్ల పాత డొప్పలు కొత్త డొప్పల్లో కలిసిపోయాయి. చాలాసార్లు కాల్చిన ఇత్తడి బిరుసెక్కుతుంది, నొక్కినా వెనక్కి తెరుచుకుంటుంది. గుండును వదులుగా పట్టుకుంటుంది. కొత్తది గట్టిగా పట్టుకుంటుంది. పట్టు మారితే వేగం మారుతుంది. మా గేజికి ఆ తేడా అందేది కాదు.

కాగితం పీటర్‌కు చూపించి, ఏరిన డొప్పల సంగతి చెప్పాను. "ఊఁ," అన్నాడు. "ఎవరు ఏరారు?"

"మేరీ."

కుర్చీలోంచి లేచి మళ్ళీ చూశాడు. ఇంకోసారి "ఊఁ" అన్నాడు. రెండుసార్లు ఆ మాట వినడం నాకు అదే మొదలు.

శుక్రవారం నమాజు అయ్యాక కల్బా బస్సెక్కాను. అబూ రాషిద్ ఇంట్లో అతిథులు కూర్చునే మజ్లిస్‌లో ఆ కాగితం ఆయన ముందు పెట్టి, "తప్పు తూటాదే బాబా. మీ చెయ్యిది కాదు. అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా, మాఫ్ చేయండి," అన్నాను. ఆయన కన్నంలోంచి వెలుగు చూశాడు. తర్వాత లోపలికి కేకేసి గహ్వా తెమ్మన్నాడు, స్వయంగా పోసి ఇచ్చాడు. కప్పులో కాఫీ వణికింది. ఇద్దరం ఆ వణుకు చూసి నవ్వుకున్నాం.

ఎండ

ఇక్కడితో ఆపితే మంచి కథ. కానీ నా అతి పెద్ద తప్పు ఇంకా ముందుంది.

స్నేహితుల తుపాకుల వేగం విని అబూ రాషిద్‌కు కూడా వేగం కావాలనిపించింది. నేనూ గెలుపు మత్తులో ఉన్నాను. మందు పుస్తకంలో రాసిన హద్దు లోపలే, కానీ హద్దుకు దగ్గరగా పెంచాను. గ్రూపు చెడలేదు. నలభై తూటాలు కట్టి ఇచ్చాను. అదంతా లోపలి రేంజిలో, చల్లటి ఏసీలో పరీక్షించింది. జూలై నెలలో, గల్ఫులో, ఎండను పరీక్షించలేదు.

ఒకరోజు ఆయన బయటి రేంజికి వచ్చాడు. మధ్యాహ్నం జొహర్ నమాజు, భోజనం అయ్యేదాకా తూటాల పెట్టె జీపులోనే, అద్దం వెనకాల ఎండలో ఉంది. తర్వాత వచ్చి కాల్చాడు. మోత ఎప్పటికంటే పదునుగా వినిపించింది. ఆయన డొప్ప బయటికి తియ్యడానికి బోల్టు పిడి ఎత్తబోతే రాలేదు.

"కదిలించొద్దు బాబా, అట్లనే పెట్టండి," అంటూ పోయాను. కాసేపాగి, రక్షణ కళ్ళద్దాలతో, చెక్క సుత్తితో మెల్లగా తట్టి తెరిచాను. డొప్ప బయటికొచ్చింది. అడుగున ప్రైమరు అప్పడంలా చదునై ఉంది. ఎండకు మందు వేడెక్కి, లోపలి ఒత్తిడి తుపాకీ భరించగల అంచుదాకా పోయిందన్నమాట. ఇంకాస్త అయితే ఆ బోల్టు వెనకాల ఉన్నది ఆయన కన్ను.

దాచిపెట్టొచ్చు. డొప్ప ఒక్కటి జేబులో వేసుకుంటే అయిపోయేది. చాలామంది అదే చేస్తారు, నాకు తెలుసు. నేను డొప్పను ఆయన అరచేతిలో పెట్టాను.

"ఇది నా తప్పు. మందు ఎక్కువ పెట్టినా. చల్లగదిలో చూసి ఎండకు ఇచ్చినా. మిగిలిన తూటాలన్నీ నాకు తిరిగి ఇచ్చేయండి."

ఆయన డొప్పను అటూ ఇటూ తిప్పాడు. "నా కన్ను పోయి ఉంటే?"

"ఇంటికి పోయినా నిద్ర పట్టేది కాదు," అన్నాను. నిజం అంతే.

"వేగం అడిగింది నేను," అన్నాడాయన. "ఇచ్చింది నువ్వు. ఇద్దరం దెబ్బ తిన్నాం. ఇప్పుడు సరిచెయ్యి."

పీటర్ అంత శాంతంగా లేడు. తలుపు మూసి పావుగంట మాట్లాడాడు. నా పన్నెండేళ్ళ కొలువులో అంత పొడుగ్గా ఆయన మాట్లాడింది ఆ ఒక్కసారే. ఇంకొకసారి ఇట్లా జరిగితే ఊరికి టికెట్ అన్నాడు. అందులో ఒక్క మాటా అన్యాయం కాదు. మిగిలిన తూటాలు ఒక్కొక్కటి విప్పాను. ప్రతి గుండూ ఊడిపడినప్పుడల్లా నా గర్వం కొంత ఊడిపడింది.

చేపల పెట్టె

వాతావరణానికి అంతగా మారని మందు ఒకటి ఉంది. దిగుమతి ఆగిపోయిన రోజుల్లో పీటర్ దగ్గర ఒక్క డబ్బా మిగిలి ఉంది, దాచుకున్నాడు. నా బల్ల మీదికి తెచ్చి పెట్టి, "యల్లా, కానివ్వు. ఇది అయిపోతే ఇంకొకటి లేదు," అని పోయాడు.

మళ్ళీ మొదటినుంచి. కానీ ఈసారి మేం ఆడుకున్నట్టు చేశాం. ఆ ఉత్సాహం ఇప్పటికీ గుర్తుంది. అజ్మాన్ చేపల మార్కెట్ నుంచి తెల్లటి థర్మోకోల్ పెట్టె తెచ్చాను. అందులో ఐసు నింపి, సంచీలో చుట్టిన తూటాలు కొన్ని పెట్టాం, కొండ మీద చలికి బదులు. ఇంకొన్ని గొడుగు లేని బల్ల మీద, థర్మామీటరు పక్కన, ఎండలో. హద్దుకు చాలా కిందనుంచి మొదలుపెట్టాం కాబట్టి ప్రమాదం లేదు. డొప్పలన్నీ మేరీ ఏరింది. ఎండలోవి ఐదు, ఐసులోవి ఐదు, ఒకే కాగితం మీద రెండు రంగుల చుక్కలు పక్కపక్కన పెట్టి కాల్చేవాళ్ళం.

చలివి ఎండవి మధ్య తేడా మొదట అరచేయంత. మందు కొలత ఒక్కో రవ్వ మారుస్తూ పోతే వేళ్ళంత అయింది. తొమ్మిదో రోజున రెండు గ్రూపులూ ఒకే ఎత్తులో పడ్డాయి. మేరీ కాగితం దగ్గర వంగి చూసి, "బాషా గారండీ, ఈటిలో ఐసుయి ఏయి, ఎండయి ఏయి?" అంది. నాకే తెలియలేదు. రాసిపెట్టుకున్న చీటీ చూసుకోవాల్సి వచ్చింది.

వేగం తగ్గింది. అబూ రాషిద్‌కు సూటిగా చెప్పాను. "మీ స్నేహితుల కంటే నిదానంగా పోతుంది. మూడు వందల మీటర్లు దాటి కాల్చొద్దు. ఆ లోపల యాడ గురిపెడితే ఆడ పడుతుంది."

"అన్న అయితే రెండు వందలు దాటి కాల్చనిచ్చేవాడు కాదు," అన్నాడు. "కట్టు."

ఇరవై తూటాలు కట్టాను. పెట్టె మీద తూటా కట్టినవాడి సంతకం ఉండాలని క్లబ్బు నియమం. సంతకం చేసి, దాని కింద 'డొప్పలు ఏరింది మేరీ' అని రాశాను. పీటర్ చూశాడు, కొట్టేయలేదు.

కొండ నుంచి వచ్చింది

అబూ రాషిద్ బయల్దేరాక నాకు పదకొండు రోజులు పని చెయ్యబుద్ధి కాలేదు. ఫోను బల్ల మీద పెట్టుకొని కూర్చునేవాణ్ణి. ఐదో రోజున ఒక ఫోటో వచ్చింది. మంచు మీద పరిచిన అట్టముక్క, దాని మీద మూడు కన్నాలు ఒకదానికొకటి అంటుకొని. ప్రయాణం కుదుపులకు స్కోపు చెదిరిందేమో చూడటానికి క్యాంపులో కాల్చిన గ్రూపు అది. ఫోటో కింద మాట లేదు. నేను ఆ ఫోను పట్టుకొని క్లబ్బు అంతా తిరిగాను. ప్యాంట్రీలో ఉన్న మేరీకి చూపిస్తే చేతులు తుడుచుకొని, ఫోను రెండు చేతులతో పట్టుకొని చూసింది.

తిరిగొచ్చాక అబూ రాషిద్ నేరుగా ఆయుధశాలకే వచ్చాడు. కర్రతో పాటు కొత్తగా కుంటు కూడా. మేరీని పిలిపించమన్నాడు. ఆమె బకెట్ బయట పెట్టి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. ఆయన ఉర్దూలో చెప్తుంటే నేను తెలుగు చేశాను.

ఆరో రోజు లోయ అవతల ముసలి పోతు ఒకటి కనిపించిందట. దూరం కొలిచిన గైడు రెండు వందల అరవై అన్నాడు. ఈయన రాళ్ళ మీద పడుకున్నాడు. అది కొండకేసి తిరిగి ఉంది. పక్కకు తిరిగేదాకా దాదాపు గంటసేపు కదలకుండా ఉన్నాడు. మోకాళ్ళు మొద్దుబారాయి, వేళ్ళు ఉన్నట్టు తెలియలేదు. గైడు ఇక లేద్దామన్నాడు. అప్పుడు అది తిరిగింది.

"బిస్మిల్లా అన్నా, అన్న పేరు తలుచుకున్నా, నొక్కినా," అన్నాడు అబూ రాషిద్. "అది రెండు అడుగులు కూడా వెయ్యలేదు. నిలబడిన చోటే కూర్చుండిపోయింది. నొప్పి తెలిసి ఉండదు."



"ఆమెకు చెప్పు," అన్నాడు నాతో. "ఆ గంటసేపు నా చేతిని నమ్మలేకపోయినా. తూటాను మాత్రం ఒక్కసారి కూడా అనుమానించలేదు."

చెప్పాను. మేరీ తల వంచుకొని, "నాకు తెలిసింది నేను చేశానండి," అంది. ఆయన పీటర్ గదికి పోయి తలుపు మూసుకున్నాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆ తర్వాత మేరీని తూటాల పనిలోకి తీసుకోవడానికి ఆమె పేరు మీద కాగితాలు కదిలాయి. పోలీసు అనుమతి, కంపెనీ మార్పు, శిక్షణ, పరీక్ష. ఏడాదికి పైగా పట్టింది. రెండుసార్లు తిరిగొచ్చాయి, పీటర్ రెండుసార్లూ మళ్ళీ పంపాడు.

తూటాలు కట్టే గదిలోకి పోవడానికి ఆమె కార్డు పనిచేసిన మొదటి రోజు నేను అక్కడే ఉన్నాను. రిటైర్మెంటుకు ఇంకా కొన్ని నెలలు ఉంది. ఆమె బల్ల ఇవతల కూర్చుంది. నేను అవతల కూర్చొని, నీ పని నాకు నేర్పమన్నాను. ఆమె కాస్త తటపటాయించి పది డొప్పలు నా ముందు పోసింది. దూది చుట్టిన పుల్ల తీసుకొని ఒక్కొక్కటీ చూసి, రెండు కుప్పలు చేశాను. ముప్పై ఏళ్ళు ఇనుమూ ఇత్తడీ పట్టిన వేళ్ళు నావి. ఆమె నా కుప్పలు రెండూ వరసగా తడిమింది. నాలుగు డొప్పలు అటువి ఇటు మార్చింది. తర్వాత అన్నీ కలిపేసి మళ్ళీ నా ముందుకు తోసింది.

"మళ్ళీ మొదట్నించి పట్టండి బాషా గారు," అంది. "ఈసారి కళ్ళు మూసుకోండి."

నేను కళ్ళు మూసుకున్నాను.